డిసెంబర్ పాత దుబాయ్ నడక: ఎవరెవరు ఏం చూసుకోవాలి

కోఆర్డినేటర్ (లీవు మీద హన్మకొండలో):
మన దుబాయ్ సంఘం వాళ్లందరికీ నమస్తే. ఇంటికొచ్చి పది రోజులైంది, పిల్లల్ని రోజుకో గుడికి తిప్పుతున్నా, అందుకే ఆలస్యం. డిసెంబర్ రెండో ఆదివారం ప్రోగ్రామ్ సంగతి. ఈసారి బుర్జ్ ఖలీఫా వద్దని నా మాట. పోయినసారి టికెట్ కొన్న ఫ్యామిలీలు పైకి వెళ్లొచ్చేదాకా లేబర్ క్యాంపు అన్నలు కిందే నిలబడ్డారు. అందులో జగిత్యాల అన్న ఒకాయన చెయ్యి పైకెత్తి "గా పైన నేను సెంట్రింగ్ పని చేసిన" అన్నాడు. 828 మీటర్లు లేపిన మనిషిని కింద ఉంచి మేం పైన సెల్ఫీలు దిగొచ్చాం. నాకైతే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

అందుకే ఈసారి టికెట్ గొడవ లేని పాత ఊరు. అల్ గుబైబా మెట్రో దగ్గర తొమ్మిదిన్నరకు కలుద్దాం. ఆదివారం మెట్రో 8 అయితే గానీ మొదలవదు, అంతకంటే ముందు రమ్మని ఎవరికీ చెప్పకండి. మొదట అల్ ఫహిదీ కోట, బయటి నుంచే. 1787 ప్రాంతంలో కట్టింది, దుబాయ్‌లో నిలిచి ఉన్న కట్టడాల్లో అన్నిటికంటే పాతదంటారు. ఓరుగల్లు కోట చూసిన కళ్లు కదా, మనోళ్లు "గింతేనా?" అంటారు. అననివ్వండి. గోడ దగ్గరికి తీసుకుపోయి రాయి చూపించండి. అది సముద్రంలోంచి తీసిన పగడపు రాయి, నిండా చిల్లులే, బయటి వేడిని తొందరగా లోపలికి రానివ్వదు. నిన్ననే రామప్పలో నీళ్లలో తేలే ఇటుకల గురించి మా చిన్నోడికి చెప్పిన. 1213 నాటి గుడికి మనోళ్లు బరువు తగ్గించుకున్నారు, దుబాయ్‌లో వీళ్లు వేడి తగ్గించుకున్నారు.

అక్కణ్నుంచి బస్తకియా. పర్షియాలోని బస్తక్ నుంచి వచ్చిన వ్యాపారులు కట్టుకున్న వాడ, అందుకే ఆ పేరు. ఇళ్ల మీద నాలుగు మూలల బురుజుల్లాంటివి బర్జీల్‌లు. ఏ దిక్కు గాలి వీచినా పట్టి, కింద గదిలోకి దింపుతాయి. ఆ రోజుల్లో అందులో తడిగుడ్డలు కట్టేవాళ్లు, మన ఎండాకాలం వట్టివేళ్ల తడకల్లాగే. పిల్లల్ని ఒక్కొక్కర్నే బర్జీల్ కింద నిలబెట్టి, తడి దస్తీ పైకి పట్టుకోమనాలి. మైకులో పది నిమిషాలు చెప్పేదానికంటే అదే నయం. 1980ల్లో ఈ వాడ సగం కూలగొట్టారు. మిగతాది దక్కిందంటే ఒక బ్రిటిష్ ఆర్కిటెక్టు పట్టుబట్టడం, 1989లో ప్రిన్స్ చార్లెస్ వచ్చి చూసి చెప్పడం వల్లే.

తర్వాత అబ్రా (చెక్క పడవ) ఎక్కి క్రీక్ దాటి డేరా వైపు. 1912 నాటి అహ్మదియా బడి, గోల్డ్ సూక్ (బంగారం బజారు). గోల్డ్ సూక్‌లో అక్కలు కనపడకపోతే నన్ను అడగొద్దు.

సిరిసిల్ల తమ్ముడు (బస్సులు):
అన్నా, లేబర్ క్యాంపులున్న సోనాపూర్ నుంచి రెండు బస్సులు. పోయినసారి ట్రావెల్స్ అతను అడ్వాన్స్ అంతా తీసుకుని ఒక్కటే పంపిండు, నలభై మందిని టాక్సీల్లో తెచ్చిన. ఈసారి సగమే ఇస్తా, మిగతాది దిగినంక. ఇంకోటి, అబ్రాకు మనిషికి ఒక దిర్హాం, చిల్లర కావాలి. ఒక్కో దాంట్లో ఇరవై మందే పడతారు, కాబట్టి ఒడ్డున ఇద్దరు వాలంటీర్లు లెక్కపెట్టాలి.

కరీంనగర్ అక్క (తిండి):
పులిహోర ప్యాకెట్లు నావి. సకినాలు కూడా తెస్తున్నా. కానీ మెట్రోలో ఎవరైనా సంచి విప్పారో, తింటే 100 దిర్హాంల ఫైన్, సంఘం కట్టదు. అమ్మవాళ్లు గుడి అడుగుతున్నారు తమ్మీ, బర్ దుబాయ్‌లో పాత గుడికి పోదామని.

కోఆర్డినేటర్:
అక్కా, ఇప్పుడు పోవాల్సింది జబల్ అలీ గుడికి, 2022లో తెరిచారు కదా. అది చాలా దూరం, ఆ రోజు కుదరదు. పెద్దవాళ్లకు వేరే రోజు పెడదాం.

మంథని మామ:
నేను 1978లో దిగినప్పుడు ట్రేడ్ సెంటర్ ఇంకా కడుతుండ్రి. 39 అంతస్తులు, చుట్టూ ఇసుక, ఎక్కడ తప్పిపోయినా దాన్నే చూసుకుంటూ నడిచేది. పాత 100 దిర్హాంల నోటు మీద ఆ బిల్డింగే. నోటు నా దగ్గరుంది, తెచ్చి చూపిస్తా. నడవలేను గానీ అబ్రా దగ్గర కుర్చీ వేస్తే చెప్తా.

కోఆర్డినేటర్:
మామా, కుర్చీ నాది. తమ్మీ, ఆ జగిత్యాల అన్న నంబర్ ఉందా? బస్తకియాలో గోడ ఎట్లా లేపారో ఆయనే చెప్పాలి, నేను పక్కన మైకు పట్టుకుంటా.

సిరిసిల్ల తమ్ముడు:
ఉందన్నా. ఆ ఆదివారం ఆయనకు డ్యూటీ పడిందట. రేపు క్యాంపుకు పోయి ఫోర్‌మన్‌తో మాట్లాడతా. సకినాలు కొన్ని ఇప్పించు అక్కా, ఉత్త చేతుల్తో ఎట్ల పోవాలె.