లక్క రికార్డుల పార్సిల్: రెండు పెట్టెల మధ్య ఖాళీలో ఏం నింపాలి?

78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) లక్క గ్రామఫోన్ రికార్డులు, 10 అంగుళాలవి, ఎనిమిది చొప్పున పార్సిల్‌లో పంపుతున్నాను. వినైల్ (ప్లాస్టిక్) రికార్డుల్లా వంగవు, దెబ్బ తగిలితే పలకలా పగులుతాయి.

మొదటిసారి ఎనిమిదింటినీ కలిపి బబుల్ ర్యాప్ మూడు చుట్లు చుట్టి ఒకే పెట్టెలో పెట్టాను. మొదటిదీ చివరిదీ అంచు నుంచి లేబుల్ దాకా చీలాయి.

రెండోసారి ఒక్కోదాన్ని కాగితం కవర్లో పెట్టి, మధ్య మధ్య 3 మిల్లీమీటర్ల కారుగేటెడ్ అట్ట (లోపల అలల్లాంటి గీతలుండేది) వేశాను. కట్టకు రెండు వైపులా రెండేసి అట్టలు, గీతలు ఒకదానికొకటి అడ్డంగా ఉండేలా. కట్ట కదలకుండా లోపెట్టెలో బిగించి, దాన్ని పెద్ద పెట్టెలో నిలువుగా పెట్టి, చుట్టూ 5 సెంటీమీటర్ల మేర థర్మాకోల్ ముక్కలు పోశాను. ఈసారి ఒక్కటీ చీలలేదు, అట్టల పద్ధతి పనిచేసినట్టే. కానీ మూడింటికి కింది అంచు పెచ్చులూడింది. విప్పి చూస్తే, కుదుపులకు ముక్కలు పక్కలకు జరిగిపోయి లోపెట్టె అడుగు బయటిపెట్టెకు ఆనుకుని ఉంది. ఒక పాట గాడి మొదట్లోనే పోయింది, అది అతికించినా తిరిగి రాదు.

నలిపిన క్రాఫ్ట్ కాగితం కుక్కి చూశాను. ఇంట్లో రెండు రోజులు పైన 6 కిలోల బరువు పెడితే 5 సెంటీమీటర్ల మందం 2కి అణిగింది. గట్టి థర్మాకోల్ పలక అణగదు గానీ, దెబ్బను మెత్తబరచకుండా లోపలికి పంపేస్తుందేమోనని వాడలేదు.

లోపెట్టెతో కలిపి సుమారు రెండున్నర కిలోల బరువును నిలువుగా మోస్తూ, దారిలో అణగకుండా, జరగకుండా ఉండాలంటే అడుగున ఏ రకం ఫోమ్, ఎంత మందంలో వాడాలి?