ప్లస్, మైనస్ తారుమారయ్యాయి: రిసీవరు బతికి ఉంటుందా?

ప్రశ్న (విజయవాడ, సత్యనారాయణపురం): మా అబ్బాయి ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే బొమ్మ) కారు బ్యాటరీకి కొత్త కనెక్టరు సోల్డరింగ్ చేస్తూ ఎరుపు, నలుపు వైర్లను తారుమారు చేశాను. 7.4 వోల్టుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ తగిలించగానే 'టప్'మని పొగ వచ్చి, స్పీడు కంట్రోలరు కెపాసిటరు నెత్తి పువ్వులా విచ్చుకుంది. రిమోట్ సంకేతాలు అందుకునే రిసీవరు, చక్రాలను పక్కకు తిప్పే సర్వో మోటారు కూడా పోయినట్టేనా?

జవాబు (గుంటూరు): కంట్రోలరు మీద ఆశ వదులుకోండి. ధ్రువాలు మారినప్పుడు అందులోని మాస్‌ఫెట్లలో (కరెంటును నియంత్రించే ట్రాన్సిస్టర్లలో) సహజంగా ఉండే డయోడ్ల గుండా కరెంటు అడ్డూ ఆపూ లేకుండా పారి వాటిని కాల్చేస్తుంది కనుక, కెపాసిటరు ఒక్కటే మార్చి మళ్లీ తగిలించడం అనవసర సాహసం. రిసీవరుకు బ్యాటరీ నేరుగా కాక బీఈసీ (కంట్రోలరులో వోల్టేజీ తగ్గించి ఇచ్చే సర్క్యూటు) ద్వారా అందుతుంది కాబట్టి అది తరచూ బతికిపోతుంది. కంట్రోలరు వైరు ఊడదీసి, రిసీవరు 6 వోల్టులు తట్టుకునే రకమైతే, నాలుగు పెన్సిల్ సెల్లులతో పరీక్షించండి. ఈసారి ధ్రువాలు జాగ్రత్త!

జవాబు (విజయవాడ): బ్యాటరీ సంగతి మరిచారు. ఆ క్షణంలో అది దాదాపు షార్టయినట్టే. ఉబ్బితే ఛార్జింగు పెట్టవద్దు. ఉబ్బకపోయినా ఒక్కో సెల్లు వోల్టేజీని మల్టీమీటరుతో విడిగా చూడండి.

ప్రశ్న అడిగినవారు: సర్వో కదిలింది, రెండు సెల్లులూ 3.9 వోల్టుల దగ్గరే ఉన్నాయి, ఉబ్బు లేదు. కనెక్టరు మీద ప్లస్ గుర్తు ముందునుంచీ ఉందని, కళ్లద్దాలు పెట్టుకున్నాక తెలిసింది.