జెమీమా ఖాన్ సొంతంగ ఎదిగిందా, అయ్య పైసలా?

హన్మకొండ చౌరస్తా: నిన్న రాత్రి శేఖర్ కపూర్ తీసిన ‘వాట్స్ లవ్ గాట్ టు డూ విత్ ఇట్’ (2022) చూసిన. రాసింది, నిర్మాతల్ల ఒకరు జెమీమా ఖాన్, ఇమ్రాన్ ఖాన్ మాజీ భార్య. మనకు ఆమె పెండ్లి ఫొటోలే యాదికున్నయి గని 2011ల బ్రిటన్ వారపత్రిక న్యూ స్టేట్స్‌మన్‌కు ఒక సంచిక మందం గెస్ట్ ఎడిటర్ చేసింది, 2015ల ఇన్‌స్టింక్ట్ ప్రొడక్షన్స్ అనే సినిమా, టీవీ కంపెనీ పెట్టింది. నేనైతే మెచ్చుకుంటున్న. మీరేమంటరు?

పాత స్ట్రింగర్: ఏం మెచ్చుకునుడన్నా. అయ్య జేమ్స్ గోల్డ్‌స్మిత్, పేరుమోసిన కోటీశ్వరుడు. అసుంటోళ్లకు ఎడిటర్ కుర్చీ పిలిచిస్తరు. నేను పరకాల దిక్కు తొమ్మిదేండ్లు ఒక పేపర్‌కు కంట్రిబ్యూటర్‌గ చేసిన, పొద్దుగూకంగ వార్తలు రాసి కవర్ల పెట్టి హన్మకొండ బస్సు కండక్టర్ చేతికిచ్చుడు, నెలాఖరుకు అచ్చయినయి కత్తెరతోని కోసి తెల్లకాయితం మీద అతికిచ్చి స్కేలుతోని కొలిచి బిల్లు పంపుడు, వచ్చేటియి పెట్రోలుకు సాలకపోయేది, పైంగ దసరాకు యాడ్స్ టార్గెట్. నన్నెవరన్న పిలిచిండ్రా?

వడ్డేపల్లి చెరువు: 21 ఏండ్లకు పెండ్లి, చదువు మధ్యల విడిచిపెట్టింది. డిగ్రీ లేదు ఆమెకు.

జమ్మికుంట అక్క: ఎవరు చెప్పిండ్రు లేదని? 1995ల పెండ్లికి బ్రిస్టల్ యూనివర్సిటీల ఆపేసింది, ఇద్దరు కొడుకులు పుట్టినంక 2002ల పూర్తి చేసింది. తర్వాత లండన్ల సోయాస్ అనే కాలేజీల మాస్టర్స్ గూడ.

వడ్డేపల్లి చెరువు: నేను పెండ్లప్పటి మాట చెప్పిన.

జమ్మికుంట అక్క: ఇగ ఆ గెస్ట్ ఎడిటర్ సంచిక సంగతి. నటుడు హ్యూ గ్రాంట్ న్యూస్ ఆఫ్ ది వరల్డ్ అనే బ్రిటన్ పేపర్ల పనిచేసిన రిపోర్టర్ దగ్గరికి పోయి, ఫోన్ల హ్యాకింగ్ గురించి ఆయన మాట్లాడింది చాటుంగ రికార్డ్ చేసి రాసిండు. మూడు నెలలకు ఆ పేపరే మూతబడ్డది, 168 ఏండ్ల పేపర్. ఈ వ్యాసంతోనే మూతబడ్డదని అంటలేను, గని గట్టి పనే కద.

పాత స్ట్రింగర్: హ్యూ గ్రాంట్ ఆమె పాత దోస్తు. ఒక్క ఫోన్ చేస్తే రాసిచ్చిండు. నేను మొత్తుకునేది గదే.

హన్మకొండ చౌరస్తా: వికీలీక్స్ పెట్టిన అసాంజ్ సంగతి చూడు మరి. 2010ల ఆయన బెయిలుకు పైసలు కట్టినోళ్లల్ల ఆమె ఒకరు. 2012ల ఆయన బెయిలు షరతులు తప్పి లండన్ల ఈక్వడార్ ఎంబసీల జొరబడ్డడు, కట్టిన పైసలు పాయె. తర్వాత వికీలీక్స్ మీద డాక్యుమెంటరీకి నిర్మాతల్ల చేరింది, ఆయనను తప్పు వడుతూ రాసింది. తను నమ్మిన మనిషి మీదనే రాసుడు అల్కటి పని కాదు.

పాత స్ట్రింగర్: బెయిలా? ఇసుక లారీల మీద రాస్తే నా మీద కేసు పెట్టిండ్రు. ఆఫీసోళ్లు మా మనిషి కాదన్నరు. బెయిలుకు నా భార్య పుస్తెలు తాకట్టు పెట్టిన. ఆమె పైసలు పోతే ఇంట్ల పొయ్యి ఆగిందా?

జమ్మికుంట అక్క: ప్రతీదాంట్ల నీ కథే తెస్తవేంది తమ్మీ.

పాత స్ట్రింగర్: ఇంట్ల కూసున్నోళ్లకు ఏం ఎరుక.

జమ్మికుంట అక్క: అవును, ఇంట్లనే కూసున్న. డిగ్రీ రెండో సంవత్సరంల పెండ్లి చేసిండ్రు, పరీక్ష ఫీజు గూడ కట్టినంక. హాల్ టికెట్ ఇప్పటికీ ట్రంకు పెట్టెల పట్టుచీరల కింద ఉన్నది, ఫొటో మీద కాలేజీ ముద్ర సగం పోయింది. మా అత్తగారింట్ల రైస్ మిల్లు, ఏడెకరాల పొలం. పైసలుంటే అన్నీ అయితయంటివి గద, మరి నాది ఎందుకు కాలే?

హన్మకొండ చౌరస్తా: 🙏

పాత స్ట్రింగర్: అక్కా గా మాటకు మాఫ్ చెయ్యి. గని రైస్ మిల్లు పైసలు నీ చేతుల లేకుండె. ఆమె పైసలు ఆమె చేతుల ఉండె.

జమ్మికుంట అక్క: చేతుల ఉన్నా ఇద్దరు పసిపిల్లలను పెట్టుకొని కూసొని చదివింది తనే కద. ఆ కష్టం నువ్వు ఒక్కసారన్న ఒప్పుకోవాలె.

పాత స్ట్రింగర్: చదువు ఒప్పుకుంటున్న.

వడ్డేపల్లి చెరువు: అక్కా, అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీల ఇప్పుడు గూడ డిగ్రీ చేయొచ్చు, హన్మకొండల స్టడీ సెంటర్ ఉన్నది.

జమ్మికుంట అక్క: అడ్మిషన్లు ఎప్పుడు తీస్తరు?

పాత స్ట్రింగర్: చేరు అక్కా, తప్పకుండ. గెస్ట్ ఎడిటర్ సంగతి మీద మాత్రం నా మాట మారది.