తక్కువ బడ్జెట్‌లో ఎమర్జెన్సీకి సిద్ధం కావాలంటే రైఫిల్ ముందా, ఫస్ట్ ఎయిడ్ ముందా?

అడిగినవారు: ఊరిచివర

అందరికీ నమస్కారం. అమెరికాలో ఉంటున్నాం, నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ళ బాబు. ఈ మధ్యే మాకు గ్రీన్ కార్డ్ వచ్చింది. ఇల్లు ఊరికి బాగా దూరం, 911కి ఫోన్ చేసినా పోలీసులో అంబులెన్సో వచ్చేసరికి చాలా టైమ్ పడుతుంది, గాలివాన వచ్చిందంటే కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. అందుకే ఎమర్జెన్సీకి కొంచెం సిద్ధంగా ఉందామని అనుకుంటున్నాం. నాకు తక్కువ ధరలో ఒక మంచి రైఫిల్ కొనాలని ఉంది. మా ఆవిడేమో ముందు ఇద్దరం ఫస్ట్ ఎయిడ్ నేర్చుకుందాం, తుపాకీ సంగతి తర్వాత చూద్దాం అంటోంది. రెండూ ఒకేసారి చేసే బడ్జెట్ లేదు. ఇంతవరకు నేను తుపాకీ పట్టుకోలేదు. ఏది ముందు, రైఫిల్ అయితే ఏది, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

జవాబు: నైట్‌షిఫ్ట్

మీ ఆవిడ చెప్పిందే కరెక్ట్ అండీ. నేను ఎమర్జెన్సీ వార్డులో పనిచేస్తాను. మా దగ్గరికి వచ్చేవి ఎలాంటి కేసులో చెప్తే మీకే అర్థమవుతుంది: గుండె ఆగిపోవడం, గొంతులో ముద్ద ఇరుక్కోవడం, నిచ్చెన మీంచి పడటం, రంపంతో చేయి కోసుకోవడం, కారు యాక్సిడెంట్లు. ఇలాంటప్పుడు పక్కనున్న మనిషికి ఏం చేయాలో తెలిసిందా లేదా అన్నదే తేడా. గుండె ఆగి మెదడుకి రక్తం అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే దెబ్బతినడం మొదలవుతుంది. పెద్ద రక్తనాళం తెగితే అయిదు నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. మీ ఇంటికి అంబులెన్స్ అంతలోపు రాదని మీరే రాశారు కదా.

సీపీఆర్ (గుండె ఆగినవాళ్ళ ఛాతీ నొక్కి రక్తం ఆడేలా చేయడం) వీడియో చూసి నేర్చుకుంటే చాలదు, కోర్సుకి వెళ్ళాలి. ఛాతీ మధ్యలో రెండు అంగుళాల లోతుకి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ఇది వినడానికి తేలికే, బొమ్మ మీద రెండు నిమిషాలు నొక్కి చూస్తే చేతులు పడిపోతాయి. అందుకే మీరిద్దరూ నేర్చుకోవాలి, ఒకరు అలిసిపోతే ఇంకొకరు అందుకోవాలి. ఆ కోర్సు తర్వాత 'స్టాప్ ద బ్లీడ్' క్లాసుకి వెళ్ళండి. 2015లో మొదలైన కార్యక్రమం ఇది, గంట గంటన్నరలో అయిపోతుంది, చాలాచోట్ల ఫ్రీగానే చెప్తారు. చేయో కాలో తెగి రక్తం ధారగా పోతుంటే టోర్నికెట్‌ని, అంటే కడ్డీ తిప్పి బిగించే పట్టీని, గాయానికి రెండు మూడు అంగుళాల పైన కట్టాలి, మోకాలి మీదా మోచేతి మీదా కట్టకూడదు. రక్తం ఆగేదాకా బిగించాలి. విపరీతంగా నొప్పి పుడుతుంది, వాళ్ళు అరుస్తారు, అయినా వదులు చేయకూడదు. కట్టిన టైమ్ రాసిపెట్టండి. గజ్జల్లో, చంకలో, మెడ దగ్గర టోర్నికెట్ పనిచేయదు, అక్కడ గాయంలోకి గాజుగుడ్డ కూరి రెండు చేతులతో బరువంతా వేసి నొక్కాలి. ఛాతీ, పొట్ట గాయాల్లో మాత్రం ఏమీ కూరకండి. గుడ్డ కూరడం చేత్తో చేసి నేర్చుకోవలసిందే, చదివితే రాదు.

ఇంకొకటి, ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా దొరికే టోర్నికెట్లు కొనకండి. వాటిలో నకిలీలు చాలా ఉన్నాయి, బిగించేటప్పుడు ఆ కడ్డీ విరిగిపోతుంది. ఈ ఒక్క వస్తువు దగ్గర పొదుపు చేయొద్దు.

జవాబు: రేంజ్ శనివారం

పైన చెప్పిన దానితో నాకు పేచీ లేదు, కానీ రైఫిల్ వద్దు అని కూడా నేను అనను. ఊరికి దూరంగా ఉండేవాళ్ళకి దాని అవసరం వేరు. మొదటి రైఫిల్ అయితే .22 క్యాలిబర్‌లో, అంటే సన్నని చిన్న తూటా వాడేది తీసుకోండి అన్నా. రూగర్ 10/22 అని 1964 నుంచి వస్తోంది, పది తూటాల మ్యాగజైన్, ఎక్కడికెళ్ళినా విడిభాగాలు దొరుకుతాయి. పేల్చినప్పుడు భుజం మీద తన్ను దాదాపు ఉండదు కాబట్టి కొత్తవాళ్ళు భయపడి ట్రిగ్గర్ లాగేటప్పుడు కళ్ళు మూసుకోవడం లాంటి అలవాట్లు పడవు. అన్నిటికన్నా ముఖ్యం తూటాలు చవక. చవక రైఫిల్ అని తీసుకుని దానికి ఖరీదైన తూటాలు కావలసి వస్తే ప్రాక్టీసు ఆగిపోతుంది, ప్రాక్టీసు లేని రైఫిల్ ఇంట్లో ఉండి ప్రయోజనం లేదు. ఇంటి రక్షణకి .22 బలం తక్కువ అని కొందరంటారు, నిజమే, కానీ పెద్ద రైఫిల్ తూటా మీ గోడలు దాటి పక్క గదిలోకి, పక్కింట్లోకి కూడా పోగలదు. అది ఆలోచించకుండా పెద్దది కొనకండి. .22 తూటా కూడా ఒక మైలు పైగా వెళ్ళగలదు, దాన్ని చిన్నచూపు చూడొద్దు.

బడ్జెట్ వేసేటప్పుడు రైఫిల్ ధర ఒక్కటే చూడకండి. తాళం వేసే ఇనప పెట్టె, చెవులకి కళ్ళకి రక్షణ, తూటాలు, క్లాసు ఫీజు, అన్నీ కలిపి లెక్కేయండి. డబ్బు సరిపోకపోతే రైఫిల్ వాయిదా వేయండి, పెట్టె మాత్రం ఆపకండి. సెకండ్ హ్యాండ్ కొంటే మొదటిసారి పేల్చేముందే తుపాకులు బాగుచేసే అతనికి చూపించండి. నేర్చుకోవడానికి 'ప్రాజెక్ట్ ఆపిల్‌సీడ్' వాళ్ళ శని ఆదివారాల క్లాసు బాగుంటుంది, .22 రైఫిల్‌తోనే చెప్తారు. అక్కడ మొదట చెప్పేది, ఆఖరిదాకా చెప్పేది ఇదే: ప్రతి తుపాకీనీ లోడ్ అయి ఉన్నట్టే చూడాలి, కాల్చకూడని దాని వైపు గొట్టం తిప్పకూడదు, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదకి పోకూడదు, లక్ష్యం వెనక ఏముందో తెలియకుండా కాల్చకూడదు.

జవాబు: చట్టంమాట

ఇది చదివేవాళ్ళలో హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు కూడా ఉంటారు కాబట్టి రాస్తున్నాను. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమ్మిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, వాటిని మాత్రం లాయర్‌ని అడగకుండా వాడుకోవద్దు. ఇందులో పొరపాటు జరిగితే నేరం అవుతుంది, ఇమ్మిగ్రేషన్ కూడా చిక్కుల్లో పడుతుంది. గ్రీన్ కార్డ్ వాళ్ళు కొనవచ్చు. షాపులో 4473 ఫారం నింపాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది. దీనిపైన రాష్ట్రాల నియమాలు వేరేగా ఉంటాయి: ఇల్లినాయ్‌లో ముందుగా ఫోయిడ్ కార్డ్ (తుపాకీ యజమాని గుర్తింపు కార్డు) తీసుకోవాలి, కాలిఫోర్నియాలో కొన్నాక పది రోజులు ఆగాలి. మీ రాష్ట్రం సంగతి ముందే కనుక్కోండి.

జవాబు: నైట్‌షిఫ్ట్

ఇంట్లో బాబు ఉన్నాడన్నారు కాబట్టి మళ్ళీ రాస్తున్నాను. అమెరికాలో తుపాకీ వల్ల పోతున్న ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. దొంగ వస్తాడన్న భయంతో కొన్నది ఇంట్లోవాళ్ళకే చేటు కాకూడదు. తూటాలు తీసేసి తాళం వేయండి, తూటాలు వేరేచోట పెట్టి అక్కడా తాళం వేయండి, తాళంచెవి ఎక్కడుందో పిల్లలకి తెలియకూడదు. ఇంట్లో ఎవరికైనా మనసు బాగోలేని రోజులు నడుస్తుంటే ఆ కాలమంతా తుపాకీ ఇంట్లో లేకుండా చూడండి, ఇది మొహమాటపడే విషయం కాదు.

కరెంటు పోవడం గురించి కూడా రాశారు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ చలికి కరెంటు పోయినప్పుడు చనిపోయినవాళ్ళలో ఎక్కువమందిని చలే తీసుకుపోయింది, వెచ్చదనం కోసం ఇంట్లో బొగ్గులు, జనరేటర్ పెట్టుకుని కార్బన్ మోనాక్సైడ్ విషవాయువుతో పోయినవాళ్ళూ ఉన్నారు. జనరేటర్ ఇంటికి కనీసం ఇరవై అడుగుల దూరంలో, బయటే పెట్టండి. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం కొనండి. మనిషికి రోజుకి ఒక గ్యాలన్ చొప్పున కనీసం మూడు రోజుల నీళ్ళు నిల్వ పెట్టుకోండి. రైఫిల్ కన్నా ముందు ఇవి కొనాలి.

అడిగినవారు: ఊరిచివర

అందరికీ చాలా థాంక్స్. చదివి ఇద్దరం మాట్లాడుకున్నాం. ముందు సీపీఆర్, రక్తం ఆపే క్లాసు ఇద్దరం చేస్తాం, నీళ్ళు, అలారం ఈ నెలలోనే. రైఫిల్ కొనేముందు క్లాసులో అద్దెదానితో కాల్చి చూస్తాను, పెట్టె కొన్నాకే ఇంటికి తెస్తాను. ఒక్క డౌట్, టోర్నికెట్ పిల్లలకి వేరే సైజు ఉంటుందా?

జవాబు: నైట్‌షిఫ్ట్

మీ బాబు వయసుకి పెద్దవాళ్ళదే సరిపోతుందండీ. మరీ పసిపిల్లల చేయి సన్నగా ఉండి బిగుసుకోకపోతే గాజుగుడ్డ పెట్టి అంబులెన్స్ వచ్చేదాకా వదలకుండా నొక్కి పట్టుకోవాలి. రెండు టోర్నికెట్లు కొనండి, ఒకటి ఇంట్లో, ఒకటి కారులో. ప్రాక్టీసుకి మూడోది విడిగా తీసుకోండి, పదేపదే బిగించి వదిలినదాన్ని అసలు అవసరానికి నమ్ముకోకూడదు.