‘ఫోటో దిగడం’లో ఆ దిగడం ఏమిటి?

మొన్న ఇక్కడ ఒకరు ‘ఓల్డ్ మనీ స్టైల్’, అంటే తరతరాలుగా కలిగినవాళ్ల తీరు, అన్న మాటకు తెలుగు అడిగారు. ‘పాత డబ్బు శైలి’ అని ఒకరు, ‘పాతధనం పోకడ’ అని మరొకరు సూచించారు. పాత డబ్బు అంటే నాకు రద్దయిన నోట్లే గుర్తొస్తాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఈ మాట మా ఇంట్లోనూ వినపడింది. దానికి జవాబు వెతుకుతూ పోతే ‘ఫోటో దిగడం’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. రెండింటికీ సంబంధం ఉందనిపించి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను.

మా మేనకోడలికి పెళ్లి కుదిరింది. హైదరాబాద్‌లో పెళ్లికి ముందు ఫోటోలు తీయించుకోవడం ఇప్పుడు లగ్నపత్రిక రాసుకున్నంత మామూలు. ఫోటోగ్రాఫర్ ఇచ్చిన జాబితాలో ‘ఓల్డ్ మనీ’ ఒక రకం. మీగడ రంగు చీర, మెడలో ఒంటిపేట ముత్యాలు, నవ్వీ నవ్వని ముఖం, వెనకాల పాత కట్టడం. కలిగినవాళ్లలా కనపడాలి గానీ కలిమి చూపించుకుంటున్నట్టు ఉండకూడదట. “దీన్ని తెలుగులో ఏమంటారు అత్తయ్యా?” అని అడిగింది.

ఈ భావం మనకు కొత్తది కాదు. నిండు కుండ తొణకదని ఒక వైపు, అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడని మరో వైపు ఏనాడో చెప్పుకున్నాం. పుట్టుకతోనే కలిగినవాణ్ని గర్భశ్రీమంతుడు అంటాం. అయితే అది మనిషికి సరిపోయే మాట, తీరుకు కాదు. తీరుకు ‘పెద్దింటి’ అన్న మాట బాగుంటుందని నా అభిప్రాయం. ‘డబ్బున్నవాళ్ల అమ్మాయి’ అన్నప్పుడు మనసులో మెదిలేది ఒకటి, ‘పెద్దింటి అమ్మాయి’ అన్నప్పుడు మెదిలేది మరొకటి. ఇక్కడ పెద్దతనం గదుల లెక్క కాదు, ఆ ఇంటి మాటకు ఊళ్లో ఉండే బరువు. కాబట్టి ‘పెద్దింటి తీరు’ అందాం. దర్జా అన్న మాటను ఒకరు సూచించారు. అరబ్బీ నుంచి ఫారసీ, ఉర్దూల మీదుగా వచ్చిన ఈ మాటకు అసలు అర్థం మెట్టు, అంతస్తు. తెలుగులో మాత్రం కాలు మీద కాలు వేసుకున్న భంగిమ వచ్చి చేరింది. నిండు కుండకు అది నప్పదు.

ఇక ఫోటో సంగతి. తెలుగులో కెమెరా పట్టినవాడు ఫోటో ‘తీస్తాడు’. ఎదురుగా నిలబడినవాడు ‘దిగుతాడు’. ‘చార్మినార్ దగ్గర ఫోటో దిగాం’ అంటాం. మన పక్కింటి ఉర్దూలో ఫోటో ‘ఖించ్వాతే’, అంటే లాగించుకుంటారు. అక్కడ పని చేసేది అవతలివాడు. మనకు మాత్రం కెమెరా ముందున్న మనిషికి సొంతంగా ఒక క్రియ ఉంది. ఈ దిగడం ఎక్కడిది? ‘బరిలోకి దిగడం’ లాంటిదేనని ఒక పెద్దమనిషి రాశారు. నాకు అలా అనిపించడం లేదు. బరిలోకి, నీళ్లలోకి, రంగంలోకి దిగుతాం. ఫోటోలోకి దిగాం అనం కదా, విభక్తి ఏదీ లేకుండా ‘ఫోటో దిగాం’ అంటాం.

నేననుకునేది ఇది. ‘దించు’కు నకలు చేయడం అన్న అర్థం మనకు బాగా అలవాటు. పక్కవాడి లెక్కను మక్కికి మక్కి దించేస్తారు, పక్కింటి ముగ్గును చూసి దించుకుంటారు. పిల్లవాణ్ని చూసి ‘అచ్చం వాళ్ల నాన్నను దించినట్టున్నాడు’ అంటారు. ‘దించు’ సకర్మకం అయితే దాని జత అకర్మకం ‘దిగు’. రూపం కాగితం మీదికి దిగుతుంది. ఫోటో దిగినవాడు తన రూపాన్ని అలా దిగనిచ్చినవాడు. అందుకే ఈ క్రియలో ఇష్టం ఉంది. నిద్రపోతున్న మనిషిని ఎవరైనా ఫోటో తీయవచ్చు. ఆ మనిషి మాత్రం ఫోటో దిగలేదు.

మరి అనుకోకుండా వచ్చేస్తే? దానికీ మాట ఉంది. ‘వెనకాల నేనూ ఫోటోలో పడ్డాను’ అంటాం. గోతిలో పడటం, ఎవరి కంట్లోనో పడటం, ఫోటోలో పడటం అన్నీ ఒకే వరస. ఇంకొకటి ఎక్కడం. పెద్దిళ్లు అన్నిటికన్నా భయపడింది ఈ ఎక్కడానికే, రచ్చకెక్కడం, వీధికెక్కడం, పత్రికలకెక్కడం. ఇంట్లో ఫోటో దిగవచ్చు, అది వీధికి ఎక్కకూడదు.

మా అమ్మమ్మగారి ఆల్బమ్ నా దగ్గరే ఉంది. నల్లటి అట్ట పేజీలు, ప్రతి పేజీ మీదా పల్చని వెన్న కాగితం, ఫోటో నాలుగు మూలలకు చిన్న త్రికోణపు తొడుగులు. జిగురు ఫోటోకు తగలనే తగలదు. పెద్దవాళ్లు కుర్చీల్లో, కొత్త కోడళ్లు వెనక నిలబడి, పిల్లలు కింద జంపఖానా మీద. ఒక మరిది మాత్రం ఎడమ చెయ్యి ముందుకు పెట్టుకున్నాడు, కొత్త వాచీ కనపడాలని. ఆల్బమ్ తిరగేసిన ప్రతిసారీ అమ్మమ్మ ఆ చెయ్యి దగ్గర వేలు పెట్టి, “వీడికి తొందరెక్కువ” అనేది. చూడాలనుకున్నవాళ్లు ఇంటికి రావాలి, చేతులు తుడుచుకుని ఒళ్లో పెట్టుకుని చూడాలి. ఎవరికైనా ప్రతి కావాలంటే ఫోటోలో ఉన్నవాళ్లను అడగాలి. మర్యాద అంటే సంస్కృతంలో హద్దు, గట్టు అని కదా. ఆ వెన్న కాగితం అలాంటి గట్టే అనిపిస్తుంది నాకు.

ఈ నగరంలో ఆ గట్టు ఎంత గట్టిదో చెప్పడానికి రాజా దీన్ దయాళ్ గారిని తలచుకోవాలి. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో చదివి, ఇండోర్ మీదుగా ఇక్కడికి వచ్చి, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యారు. నిజాం ఇచ్చిన బిరుదు ‘ముసవ్విర్ జంగ్’. బొమ్మ గీసేవాడు ముసవ్విర్, గీసిన బొమ్మ తస్వీర్, రూపం సూరత్, మూడూ ఒకే అరబ్బీ ధాతువు నుంచి పుట్టినవి. పరదా పాటించే స్త్రీలు మగవాడి కెమెరా ముందుకు రారు. అందుకని 1892లో ఆయన హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపింది ఒక ఆంగ్లేయ మహిళ. బయటి చూపు పడకుండా చుట్టూ ఎత్తైన గోడలు. పరదా వదలకుండానే ఆ స్త్రీలు ఫోటో దిగారు. ‘దిగారు’ అన్న క్రియ ఇంత నిండుగా అతికిన చోటు నాకు మరొకటి తెలియదు.

*

పై రాతకు వచ్చిన వ్యాఖ్యలు చదివాను. ఒక మిత్రుడు కాస్త కోపంగానే రాశారు: “పెద్దిల్లు అని మీరు మురిసిపోతున్నారు. మా తాతలకు పెద్దిల్లు అంటే దొర ఉండే గడీ. గడీ అంటే వెట్టి. మా వాళ్లు ఏ ఫోటోలోనూ కుర్చీలో లేరు.”

ఆయన మాట నిజం. అది చదివాక ఆ కాలపు దర్బారు ఫోటోలు మళ్లీ తీసి చూశాను. మధ్యలో కూర్చున్నవారి పేర్లు ఫోటో కింద రాసి ఉంటాయి. అంచున గొడుగు పట్టుకున్నవాడికి, గుర్రం కళ్లెం పట్టుకున్నవాడికి, విసనకర్రతో నిలబడినవాడికి పేరు ఉండదు. నిలబడమంటే నిలబడ్డారు, అంతే. నేను కట్టిన వ్యాకరణం ప్రకారం కూర్చున్నవాళ్లు ఫోటో దిగారు, వీళ్లు పడ్డారు. ‘దిగు’లో ఇష్టం ఉందని పైన గొప్పగా రాసేటప్పుడు, ఆ ఇష్టం అడిగించుకునే భాగ్యం ఎందరికి ఉండేదన్న ఆలోచన నాకు రాలేదు. ‘పెద్దింటి తీరు’ అన్న మాటను వెనక్కి తీసుకోను. ఆ మాటలో ఈ బరువు కూడా ఉందని ఒప్పుకుంటున్నాను.

మా మేనకోడలి ఫోటోలు ఎలా వచ్చాయని ఇద్దరు ముగ్గురు అడిగారు. ‘పైగా’ నవాబుల సమాధుల దగ్గర తీశారు. పైగాలు నిజాం తరువాత అంతటి సంపన్నులు, ఆ వంశంతో వియ్యం అందుకున్నవారు. పెద్దింటి తీరుకు అంతకన్నా తగిన చోటు హైదరాబాద్‌లో ఏముంటుందని ఫోటోగ్రాఫర్ ఆలోచన. సున్నపు గచ్చుతో చేసిన పూల పని, జాలీల గుండా గచ్చు మీద పడే వెలుతురు చూస్తే ఆయన ఎందుకు ఎంచుకున్నాడో తెలుస్తుంది. ఒక పాలరాతి గద్దె మీద చెయ్యి ఆనించి కూర్చోమన్నాడు. మా అమ్మాయి కూర్చోలేదు. “ఇది ఒకరి సమాధి కదండీ” అని పక్కకు వచ్చి వరండాలో నిలబడింది.

అక్కడ ఒక పెద్దాయన ఆకులు ఊడుస్తున్నాడు. ఫ్రేములో పడుతున్నాడని ఫోటోగ్రాఫర్ రెండుసార్లు జరగమన్నాడు. రెండుసార్లూ జరిగాడు. మూడోసారి మా అమ్మాయే వెళ్లి, “తాతా, మాతో ఒక ఫోటో దిగుతారా?” అని అడిగింది. ఆయన వెంటనే ఏమీ అనలేదు. చీపురు గోడకు ఆనించి, భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుని, చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు. పెట్టుకున్నాక, “ఎక్కడ నిలబడాలి?” అన్నాడు.

ఆ ఫోటో అచ్చు వేయించాం. ప్రతి ఇచ్చి రావడానికి ఆదివారం వెళ్తున్నాం.