అమ్మకు మొదటి కీమో దగ్గరపడుతోంది, ధైర్యం ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. మా అమ్మకు 52 ఏళ్లు, రొమ్ము క్యాన్సర్. వచ్చే సోమవారం హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రిలో మొదటి కీమో. 21 రోజులకోసారి ఇస్తామన్నారు. ఆరోగ్యశ్రీ ఉంది కాబట్టి డబ్బు టెన్షన్ కొంత తగ్గింది.

అమ్మ దిగులంతా జుట్టు గురించే. నడుం దాటే జడ ఆమెది. రెండు మూడు వారాల్లో రాలిపోవచ్చని నర్సమ్మ చెప్పినప్పటి నుంచి అద్దం ముందు కూర్చుని జడ నిమురుకుంటోంది. చూడలేకపోతున్నాను. ముందే కత్తిరించుకుంటే మనసుకు కాస్త తేలికగా ఉంటుందా?

కీమో చేయించుకున్న అక్కలు, అమ్మలు ఎవరైనా ఆమెతో ఓ పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడగలరా? నేనెంత చెప్పినా "నీకేం తెలుసురా" అంటుంది. వికారంగా ఉన్నప్పుడు మీకు ఏం తినబుద్ధయిందో కూడా దయచేసి చెప్పండి.