చలానా ఏపీకే, కరెంటు కట్ మెసేజ్, పార్సిల్ లింకు: నకిలీవి పెద్దవాళ్లు ఎలా గుర్తుపట్టాలి?

నల్లరేగడి:
నాన్నగారి ఫోన్‌కి మూడు రకాలు వస్తున్నాయి. "మీ బండి మీద చలానా ఉంది, ఫైల్ తెరిచి చూడండి" అని వాట్సాప్‌లో ఏపీకే (ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్ వేసే ఫైల్) ఒకటి. "పోయిన నెల బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ రాత్రి 9.30కి కరెంటు కట్, వెంటనే ఫోన్ చేయండి" అని పది అంకెల నంబర్ నుంచి ఇంకొకటి. మూడోది పార్సిల్ ఆగిపోయిందని లింకు. బ్యాంకు నుంచి నిజంగా వచ్చేవి కూడా వీటి మధ్యలోనే ఉంటాయి కాబట్టి "ఏదీ తెరవొద్దు నాన్నా" అంటే కుదరదు. ఆయన తెలుగు బాగా చదువుతారు, ఇంగ్లిష్ కూడబలుక్కుంటారు. తనంతట తాను చూసి తేల్చుకునే గుర్తులు ఏమున్నాయి? పొరపాటున ఏపీకే వేసేస్తే ముందు ఏం చేయాలి?

టవర్‌కింద:
మెసేజ్‌లో ఏముందో తర్వాత, ఎవరు పంపారో ముందు చూడమనండి. బ్యాంకు, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ), ప్రభుత్వ శాఖ ఎవరైనా సరే, జనానికి ఎస్సెమ్మెస్‌లు పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం హెడర్ (పంపినవాళ్ల పేరుగా కనిపించే అక్షరాలు) నమోదు చేసుకోవాలి. అందుకే పంపినవాళ్ల చోట ఫోన్ నంబర్ ఉండదు. రెండక్షరాలు, గీత, ఆ సంస్థ హెడర్, మళ్లీ గీత, చివర ఒక అక్షరం ఉంటాయి. మొదటి రెండక్షరాలు టెలికాం కంపెనీనీ, సర్కిల్‌నీ (ఏ ప్రాంతమో) చెబుతాయి. చివరి అక్షరం 2025లో వచ్చింది: పి అంటే ప్రచారం, ఎస్ అంటే సర్వీసు, టి అంటే ఓటీపీ లాంటి లావాదేవీ, జి అంటే ప్రభుత్వం. నాన్నగారు ఈ నాలుగు అక్షరాలు గుర్తుపెట్టుకుంటే చాలు. హెడర్ ఎవరిదో అనుమానమొస్తే ట్రాయ్ హెడర్ పోర్టల్‌లో వెతకొచ్చు.

కరెంటు మెసేజ్ ఇక్కడే తేలిపోతుంది, పది అంకెల నంబర్ నుంచి వచ్చింది కాబట్టి. ఇంకో గుర్తు, అందులో మీ సర్వీస్ నంబర్ సాధారణంగా ఉండదు, "డియర్ కన్స్యూమర్" అని మాత్రమే ఉంటుంది. వాడికి మీ సర్వీస్ నంబర్ తెలియదు మరి. ఆ నంబర్‌కి ఫోన్ చేస్తే ఎనీడెస్క్ లాంటి స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించి, "పది రూపాయలు కట్టండి, అప్‌డేట్ అవుతుంది" అంటాడు. మీరు ఆ పది కట్టేటప్పుడు తెర మీద కనిపించేదంతా వాడికీ కనిపిస్తుంది. బిల్లు సంగతి తెలుసుకోవాలంటే డిస్కం యాప్‌లో చూడండి, లేదా 1912కి చేయండి.

ఒక్క జాగ్రత్త. హెడర్ ఉన్నంత మాత్రాన నూటికి నూరు శాతం నిజమని కాదు, హెడర్లు కూడా దుర్వినియోగమయ్యాయి. నంబర్ నుంచి వచ్చి డబ్బు, లింకు, కేవైసీ అంటే మాత్రం అది నకిలీ అనే లెక్క. వాట్సాప్‌లో ఈ హెడర్ కాపలా లేనే లేదు, పోలీసు లోగో డీపీగా ఎవరైనా పెట్టుకోవచ్చు.

లింకు చివర:
లింకును ఎడమ నుంచి చదివితే మోసపోతాం. "హెచ్‌టీటీపీఎస్" తర్వాత వచ్చే రెండు గీతలు వదిలేసి, ఆ తర్వాత మొదటి ఏటవాలు గీత ఎక్కడుందో చూసి, అక్కడి నుంచి వెనక్కి చదవాలి. అసలు చలానా సైటు "ఈచలాన్ డాట్ పరివాహన్ డాట్ గవ్ డాట్ ఇన్". నకిలీది "ఈచలాన్ హైఫన్ పరివాహన్ డాట్ ఇన్" అని ఉంటుంది, లేదా "పరివాహన్ డాట్ గవ్ డాట్ ఇన్ డాట్ ఇంకేదో డాట్ టాప్" అని. రెండో రకంలో "గవ్ డాట్ ఇన్" కనిపిస్తుంది కానీ మధ్యలో. సొంతదారు పేరు చివర ఉంటుంది, కాబట్టి ఆ సైటు "ఇంకేదో డాట్ టాప్" వాడిది.

బ్యాంకు సైట్ల పేర్ల చివర ఉండేలా ఆర్‌బీఐ "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" తెచ్చింది, 2025 అక్టోబర్ 31 లోపు మారాలని గడువు పెట్టింది. పెద్దవాళ్లకు చెప్పడానికి ఇది చాలా తేలిక.

చలానా నిజంగా ఉందేమోనని బెంగగా ఉంటే మెసేజ్‌లోని లింకు ముట్టుకోకుండా, సైటు మీరే టైప్ చేసి బండి నంబర్ కొట్టి చూడండి. ఏ రవాణా శాఖా చలానాను ఏపీకేగా పంపదు.

సిమ్‌తీయండి:
ఏపీకే వేసేస్తే ఏం చేయాలో చెప్తాను. ఆ యాప్ ఎస్సెమ్మెస్ అనుమతి తీసుకుని ఓటీపీలను వాడికి పంపుతుంది. చాలాసార్లు మొదటి ఫైల్ ఉత్త తలుపు మాత్రమే. తెరవగానే "అప్‌డేట్" అని ఒక బటన్ చూపించి, ఐకాన్ లేని రెండో యాప్‌ను లోపల వేస్తుంది. కనిపించే యాప్ తీసేసి హమ్మయ్య అనుకుంటే రెండోది అలాగే ఉండిపోతుంది.

వెంటనే ఫ్లైట్ మోడ్ పెట్టండి, వైఫై కూడా ఆగిందో లేదో చూడండి. సిమ్ తీసి వేరే మంచి ఫోన్‌లో వేయండి, ఓటీపీలు ఇక అక్కడికే వస్తాయి. ఆ ఫోన్ నుంచే బ్యాంకుకు చేసి కార్డు, నెట్‌బ్యాంకింగ్, యూపీఐ ఆపించండి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. ఎంత పోయింది, ఎన్నింటికి, ఏ ఖాతా నుంచి, 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ) నంబర్, ఇవి కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి. అవతలి ఖాతాలో డబ్బు ఇంకా ఉంటేనే అక్కడ ఆపగలరు, అందుకే నిమిషాల తేడా ముఖ్యం.

తర్వాత ఫోన్ సంగతి. సెట్టింగ్స్‌లో యాప్‌ల పూర్తి జాబితా తెరవండి. అన్‌ఇన్‌స్టాల్ బటన్ నొక్కుడు పడకపోతే ఆ యాప్ డివైస్ అడ్మిన్‌లో (యాప్‌కు ఫోన్ మీద ప్రత్యేక అధికారం ఇచ్చే సెట్టింగ్) కూర్చుని ఉంటుంది, ముందు అక్కడ ఆపి తర్వాత తీయాలి. యాక్సెసిబిలిటీ, "తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్" అనుమతులు కూడా చూడండి. నా సలహా అయితే ఫోటోలు మాత్రం కాపీ చేసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే. పాస్‌వర్డ్‌లు, యూపీఐ పిన్ దాని తర్వాతే మార్చాలి. వైరస్ ఉన్న ఫోన్‌లో మార్చిన పిన్ కూడా వాడికే చేరొచ్చు. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ అన్నీ లాగౌట్ చేయండి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. ఇదే ఏపీకే మీ పేరుతో గ్రూపుల్లోకి వెళ్లి ఉంటే వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి.

బ్యాంకు ఫిర్యాదు నంబర్, టైమ్ తప్పకుండా తీసుకోండి. 2017 జులై 6 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్‌లో, ఖాతాదారు తానే ఓటీపీ ఇచ్చినా, బ్యాంకుకు చెప్పాక జరిగే నష్టం బ్యాంకుదే అని ఉంది. అలా ఇచ్చినప్పుడు చెప్పకముందు పోయింది మనదే అని కూడా.

డాలస్_తెలుగు:
అమెరికాలో ఉన్నవాళ్లకు: ఇక్కడ టోల్ బాకీ ఉందంటూ వస్తాయి. "వై అని రిప్లై ఇచ్చి మెసేజ్ మళ్లీ తెరవండి" అని అడుగుతారు. తెలియని నంబర్ల లింకులను ఐఫోన్ నొక్కనివ్వదు, మనం రిప్లై ఇస్తే ఆ అడ్డు తొలగిపోతుంది. ఆ "వై" అడిగేది అందుకే. రిప్లై ఇవ్వకుండా, స్పామ్ మీద ఫిర్యాదు చేసే 7726కి ఫార్వర్డ్ చేయండి.

నల్లరేగడి:
అందరికీ ధన్యవాదాలండీ. డబ్బు పోలేదు, మెసేజ్ మాత్రమే వచ్చింది అంటే ఎక్కడ చెప్పాలి?

టవర్‌కింద:
టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో చక్షు అని ఉంటుంది. మోసం మెసేజ్, కాల్, వాట్సాప్ మూడూ అక్కడ ఇవ్వొచ్చు, స్క్రీన్‌షాట్ జత చేయండి. వచ్చిన 30 రోజుల లోపు ఇవ్వాలి. ఉత్త ప్రకటనల గోల అయితే 1909కి ఫిర్యాదు చేయండి.

నాన్నగారి ఫోన్‌లో వాట్సాప్ సెట్టింగ్స్‌లో డాక్యుమెంట్ల ఆటో డౌన్‌లోడ్ ఈరోజే ఆపేయండి. అప్పుడు ఏపీకే దానంతటదే ఫోన్‌లోకి దిగదు.